లిఫ్ట్ ఎక్కించని కారు

1998 మార్చి 3, మంగళవారం

రోజూ బీపీ చూసి రాసుకోమని డాక్టరు చెప్పాడు. ఖాళీ పుస్తకం కోసం వెతికితే నా గ్యారేజీ అలమరలో ఇది దొరికింది. ముందు సగం నేను చేసిన కార్ల తనిఖీల పాత వివరాలు, వెనక సగం ఖాళీ. ఇవాళ 158 మీద 94. ఇంత పెద్ద పేజీకి ఈ రెండు అంకెలేనా అనిపించి ఇంకో నాలుగు ముక్కలు రాస్తున్నాను.

లియో వచ్చాడు. ఎప్పటిలాగే నడిచి వచ్చాడు. నా తమ్ముడు స్టీరింగ్ ముట్టుకుని ఈ ఆగస్టుకి ఆరేళ్లు. కానీ ఆరు చలికాలాలూ షెడ్డులో కూర్చుని ఆ అరవై నాలుగు నాటి ఆకుపచ్చ కారు ఒళ్లంతా బాగుచేసుకున్నాడు. సొట్టలు తీశాడు, రేకు మార్చాడు, రంగు వేశాడు. తన పెళ్లయిన రోజు భార్య ఆల్డోనాని చర్చి నుంచి ఇంటికి తెచ్చుకున్న కారు అది.

"పైపని అయిపోయింది కాజ్. ఇక కింద పని. స్టీరింగూ, ముందు చక్రాల సస్పెన్షనూ మొత్తం విప్పి కొత్తగా కట్టాలి. కట్టొచ్చంటావా, లేక తుక్కుకిచ్చేయమంటావా? నువ్వు ఏమంటే అది."

చూసి చెప్తానన్నాను. చూడ్డానికేముంది అందులో.

మార్చి 4, బుధవారం

తుక్కుకిచ్చేయడమే మంచిది. బాగా ఆలోచించాను. ముప్పై నాలుగేళ్ల కారు. మా పెన్సిల్వేనియా రోడ్ల మీద చల్లే ఉప్పు దాని అడుగంతా తినేసి ఉంటుంది. ఆ కాలం విడిభాగాలు దొరకవు. దొరుకుతాయి గానీ ఎక్కడెక్కడినించో తెప్పించాలి. కీళ్లలోని రబ్బరు బుష్షులు ఊడదీయాలంటే మంట పెట్టాలి, నా మోకాళ్లు సహకరించవు. పైగా లియోకి యాభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు మళ్లీ కారు నడిపి వాడు సాధించేదేముంది? వాడి మంచి కోసమే చెప్తున్నాను.

156 మీద 92.

మార్చి 6, శుక్రవారం

ఈస్టర్ ముందు లెంట్ రోజులు కదా, శుక్రవారాలు మాంసం ముట్టం, అగ్నిమాపకదళం వాళ్ల హాల్లో చేపల భోజనం. ఊరంతా అక్కడే. లియో తలుపు తీసుకుని లోపలికి రాగానే స్టష్ గ్లాసు పైకెత్తాడు. పక్క ఊళ్లో గ్యారేజీ వాడిదే, నా పాత దోస్తు.

"ఏం లియో, ఇవాళ గోడలన్నీ ఉన్నచోటే ఉన్నాయా?"

ఆరేళ్లుగా అదే హాస్యం. గని దగ్గరి మలుపులో లియో ఆకుపచ్చ కారు రాతిగోడకి గుద్దుకున్న రోజు వాడు ఈ హాలు నించే వెళ్లాడు, రెండు బీర్లు తాగి. రెండే. పోలీసులు కూడా వదిలేశారు. ఊరు వదల్లేదు. పంతొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపినవాడికి మరుసటి నెల బస్సు లేదు. ఇప్పుడు కుట్టు ఫ్యాక్టరీలో పెట్టెలు మోస్తున్నాడు. ఆ రోజు నించి చుక్క ముట్టలేదు, అయినా తాగుబోతు పేరు పోలేదు.

లియో ఎప్పటిలాగే ఒక నవ్వు నవ్వి మూలన కూర్చున్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

మార్చి 8, ఆదివారం

ఆల్డోనాని చర్చికి తీసుకెళ్లాను. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం నేనే. ఆ గోడ దెబ్బకి ఆమె తుంటి ఎముక విరిగింది. అప్పటినించి చేతికర్ర, అప్పటినించి మొగుడు నడిపే బండి ఎక్కనని పంతం. ఎక్కనన్నాక వాడూ నడపడం మానేశాడు. వాడు వెనకాల నడిచొస్తాడు, మేం ముందు కార్లో పోతాం. కొండ ఎక్కేచోట వాణ్ణి దాటిపోతాం. వాడు చెయ్యి ఊపుతాడు.

ఇవాళ దాటేటప్పుడు ఆమె అంది, "లియో నిన్ను అడిగాడట కదా."

"అడిగాడు."

"నేను అతనికి ఒకే మాట చెప్పాను. కాజ్ దాన్ని చూసి బాగుందంటే ఎక్కుతాను. నీ మాట మీద కాదు, కాజ్ మాట మీద అన్నాను." ఒడిలో ఉన్న సంచి సర్దుకుంది. "ఈ ఊళ్లో కళ్లు మూసుకుని నమ్మగలిగింది నిన్నొక్కణ్ణే."

గేరు మార్చాను. మార్చాల్సిన పని లేదు అక్కడ.

మార్చి 9, సోమవారం

162 మీద 96.

అలమరలో ఖాళీ పుస్తకాలు ఇంకో నాలుగున్నాయి. ఇదే ఎందుకు తీశానో నాకు తెలుసు. ఇవాళ ముందు సగం తిప్పాను.

1992 మార్చి 14. జూకస్, లియో. స్టీరింగ్: బాగుంది. ముందు చక్రాల కీళ్లు: బాగున్నాయి. కింద నా సంతకం.

నేను చూడలేదు. కారుని పైకెత్తి అడుగు చూపించే లిఫ్ట్ ఎక్కించనేలేదు.

మా ఊళ్లో అయినవాళ్ల కారుని లిఫ్ట్ ఎక్కించరు. ఎక్కిస్తే, ఏం, నా మీద నమ్మకం లేదా అంటారు. సర్కారు పెట్టిన తనిఖీకి ఏడాదికోసారి వస్తారు, వాల్‌నట్ రొట్టె ఒకటి చేతిలో పెడతారు, కాఫీ తాగుతారు, అద్దం మూలనున్న పాత స్టిక్కరు గీకించుకుని కొత్తది అంటించుకుని పోతారు. మా నాన్న అలాగే అంటించాడు, స్టష్ అలాగే అంటిస్తాడు, నేనూ నలభై ఏళ్లు అలాగే అంటించాను. ఆ రోజు లియో తెచ్చిన రొట్టె ఆల్డోనా చేసింది. దాని రుచి కూడా గుర్తుంది నాకు.

ఎక్కిస్తే ఎంతసేపు? చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే చాలు, అరిగిన కీలు టకటకమని అదే చెప్పేస్తుంది. రెండు నిమిషాల పని.

ఆగస్టులో ఆ మలుపు నించి కారుని లాక్కొచ్చింది నా బండే. గ్యారేజీలో పైకెత్తి చూశాను, అప్పుడు మాత్రం చూశాను. స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడుని చక్రానికి అందించేది టై రాడ్. ఎడమవైపు దాని చివరనున్న గుండు గూటిలోంచి ఊడి వేలాడుతోంది. దెబ్బకి విరిగిన లోహమైతే కొత్తగా మెరవాలి. ఇది మెరవడం లేదు. గుండు ఒకపక్క సబ్బుముక్కలా అరిగిపోయింది, గూటి అంచు కాగితంలా పలచబడిపోయింది, గ్రీజు చుక్క లేదు. ఏళ్ల తరబడి అరిగిన అరుగుదల. గోడకి గుద్దుకుని అది ఊడలేదు. అది ఊడబట్టే కారు గోడకి గుద్దుకుంది.

పోలీసు వచ్చి అడిగాడు. గోడ దెబ్బకి విరిగిందని చెప్పాను. ఆసుపత్రిలో లియో నా చెయ్యి పట్టుకుని, "తిప్పాను కాజ్, తిప్పాను, అది తిరగలేదు" అన్నాడు. పడుకోరా, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

తర్వాత మాట్లాడుకోలేదు.

మార్చి 10, మంగళవారం

నిన్న రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. వెనకవైపు బీపీ అంకెలు వేయాలి కదా, డాక్టరు అడుగుతాడు. అందుకని ఉంచాను.

మార్చి 12, గురువారం

లియో షెడ్డుకి వెళ్లాను. కారు అడుగున టార్చి వేసి, పైపైన చూసినట్టు చూసి, మోకాళ్లు దులుపుకుని లేచాను.

"వదిలెయ్ లియో. అడుగంతా పోయింది. తుక్కుకిచ్చెయ్."

వాడు వాదిస్తాడనుకున్నాను. వాదించడానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు సరే అన్నాడు. గుడ్డ తీసుకుని, నిన్ననే తుడిచిన బానెట్‌ని మళ్లీ తుడిచాడు.

"ఒకందుకు మంచిదేలే. ఎక్కినా నా చేతుల మీద నాకు నమ్మకం ఉండేది కాదు. ఆ రోజు తిప్పానని ఇప్పటికీ ఈ చేతులకి గుర్తు. కానీ చక్రం తిప్పితే కారు తిరగకుండా ఎక్కడికి పోతుంది? నిద్రపోయి ఉంటాను. తిప్పినట్టు కలొచ్చి ఉంటుంది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట వేరు.

"నేను చేస్తాలే. మొత్తం విప్పి కడతా. ఊరికే చేస్తా, నువ్వేం ఇవ్వక్కర్లేదు."

వాడు నన్ను కావిలించుకున్నాడు. మా ఇంట్లో మగవాళ్లు చావుల దగ్గర తప్ప కావిలించుకోరు. వాడి చొక్కా పెయింటు వాసన వేస్తోంది.

మార్చి 13, శుక్రవారం

ఇదే మంచి దారి. కొత్త కీళ్లు, కొత్త బుష్షులు, కొత్త టై రాడ్లు. కారు బాగవుతుంది, లియో నడుపుతాడు, ఆల్డోనా ఎక్కుతుంది. పాత ముక్కలు తుక్కుడబ్బాలోకి పోతాయి. ఎవరికీ నష్టం లేదు. జరిగిపోయినదాన్ని తవ్వితే ఎవరికి లాభం?

150 మీద 90. చూశావా, తగ్గింది.

మార్చి 17, మంగళవారం

కారు నా గ్యారేజీకి వచ్చింది. లియో కూడా పాత బట్టలు వేసుకుని తయారైపోయాడు, సెలవు పెట్టి మరీ.

"పక్కన మనిషి ఉంటే నాకు చెయ్యి ఆడదు. ఇంటికెళ్లు" అన్నాను.

"నలభై ఏళ్లు ఈ గ్యారేజీలో ఊళ్లోవాళ్లంతా నీ నెత్తి మీద కూర్చుని కబుర్లు చెప్పారు కదా. అప్పుడాడిన చెయ్యి ఇప్పుడాడదా?"

"అప్పుడు కుర్రాణ్ణి."

"సరేలే ముసలోడా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. తలుపుకి గడియ పెట్టుకున్నాను.

మార్చి 20, శుక్రవారం

లియో ఊరంతా చెప్పేశాడు, మా అన్న ఊరికే చేస్తున్నాడని. హాల్లోకి వెళ్లగానే చప్పట్లు. నా చేతిలో గ్లాసు పెట్టారు. స్టష్ బల్ల మీద కొట్టి అందరినీ ఊరుకోబెట్టాడు.

"అన్నంటే కాజ్‌లా ఉండాలి. తమ్ముడు గోడలు పడగొట్టుకుంటూ పోతుంటే వెనకాల బాగుచేసుకుంటూ రావాలి."

అందరికంటే గట్టిగా లియోనే చప్పట్లు కొట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా గ్లాసు ఎత్తాను. తాగాను కూడా.

మార్చి 24, మంగళవారం

ఎడమవైపు విప్పాను. గుండూ గూడూ నా అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆరేళ్ల తుప్పు పట్టినా అరుగుదల అరుగుదలలాగే ఉంది. పని తెలియనివాడికి కూడా వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. లియో ఈ మధ్య కార్ల రిపేరు పుస్తకాలు చదువుతున్నాడు. వాడికైతే చూడగానే తెలుస్తుంది.

తుక్కుడబ్బాలో పారేశాను. భోజనం చేశాను. వెళ్లి తీశాను.

మార్చి 25, బుధవారం

డ్రాయర్లో పెట్టాను, పాత గుడ్డల కింద. 166 మీద 98.

మార్చి 30, సోమవారం

బుష్షులు ఊడాయి. మంట పెట్టాల్సి వచ్చింది. మోకాళ్లు బాగానే సహకరించాయి.

ఏప్రిల్ 4, శనివారం

ఈస్టర్ వస్తోంది కాబట్టి పాపాలు ఒప్పుకోవడానికి చర్చికి వెళ్లాను. తెర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. శుక్రవారం ఒకసారి మాంసం తిన్నానని చెప్పాను. ఊడని మరను బూతులు తిట్టానని చెప్పాను. ఇంకేమైనా ఉందా నాయనా అని ఫాదర్ అడిగాడు. కాసేపు ఆగాడు కూడా, పాపం. ఏం లేదన్నాను.

మూడు ప్రార్థనలు చెప్పుకోమన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు చెప్పుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 8, బుధవారం

బీపీ చూసుకోలేదు.

పొద్దున పదింటికి తలుపు తట్టిన చప్పుడు. చేతికర్రతో కొట్టిన చప్పుడది. గడియ తీశాను. ఆల్డోనా. కర్ర ఒక చేతిలో, కుగెలిస్ పళ్లెం ఒక చేతిలో. పొగలు కక్కుతున్న ఆలుగడ్డ కుగెలిస్, నాకు ఇష్టమని అంచులు మాడేట్టు కాల్చింది. అంత బరువు మోసుకుని ఆ తుంటితో రెండు వీధులు నడిచి వచ్చింది.

"నడిచి ఎందుకొచ్చావు? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"నీతో ఒక మాట చెప్పాలి. లియో వినకూడదు."

ఈమెకి తెలిసిపోయిందనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి నేనే ఇప్పుడు. కుర్చీ వేశాను. ఆమె కారు వైపు చూస్తూ కూర్చుంది. ముందు చక్రాలు లేవు, కొత్త కడ్డీలు మెరుస్తున్నాయి.

"ఆరేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం కానీ నేను అతన్ని క్షమించలేదు కాజ్. తుంటి పోయినందుకు కాదు. అబద్ధం చెప్పినందుకు. తిప్పాను, తిరగలేదు, ఎప్పుడడిగినా అదే మాట. నిద్రపోయాను ఆల్డోనా అని ఒక్కసారి అని ఉంటే అప్పుడే వదిలేసేదాన్ని. తాగి నిద్రపోయి, పైగా కారు మీద నెట్టేస్తాడేమిటని."

ఆమె చేతిలోని పళ్లెం తీసుకుని బల్ల మీద పెట్టాను.

"మొన్న ఆదివారం అన్నాడు. తనంతట తనే. బల్ల దగ్గర కూర్చుని, నిద్రపోయాను ఆల్డోనా, నాదే తప్పు, ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను అన్నాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. క్షమించేశానని చెప్పాను. ఈస్టర్ ముందు నా మనసులో అది లేకుండా పోయింది." కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఆ కారు బాగుచేయబట్టే అతనికి నోరొచ్చింది. అది చెప్పి నీకు దణ్ణం పెట్టి పోదామని వచ్చాను."

నేను తెర ముందు కూర్చుని చేసిన తప్పు దాచుకున్నాను. మరునాడే వాడు బల్ల ముందు కూర్చుని చేయని తప్పు ఒప్పుకున్నాడు.

డ్రాయరు తెరిచాను. గుడ్డలు తీశాను. గుండూ గూడూ ఆమె ముందు బల్ల మీద, కుగెలిస్ పక్కన పెట్టాను.

"ఏమిటిది?"

చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు. ఆరేళ్లు మోసింది నాలుగు వాక్యాల్లో అయిపోయింది. కారుని లిఫ్ట్ ఎక్కించలేదని, చూడకుండా స్టిక్కరు అంటించానని, ఇది అరిగి ఊడిందని, ఊడినట్టు ఆ రోజే నాకు తెలుసని. లియో తిప్పాడని.

ఆమె ఆ గుండుని వేలితో తాకింది. అరిగినవైపు వేలు అలాగే ఉంచింది.

"ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"ప్రతి ఆదివారం నన్ను కార్లో కూర్చోబెట్టుకుని, నడిచిపోతున్న అతన్ని దాటించుకుంటూ తీసుకెళ్లావు."

"తీసుకెళ్లాను."

"ఆ రొట్టె కూడా నేనే చేశాను" అంది.

లేచింది. కుగెలిస్ మీద మూత పెట్టింది. పళ్లెం చంకన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, తెచ్చినదాన్ని తెచ్చినట్టే తీసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 9, గురువారం

లియో వచ్చాడు. ఆల్డోనా చెప్పలేదట. "కాజ్ దగ్గరికి వెళ్లు, నీకొకటి చూపిస్తాడు" అని మాత్రం అందట.

చూపించాను. ఈ పుస్తకం ముందు సగంలోని ఆ పేజీ కూడా తెరిచి పెట్టాను. వాడు గుండుని గూటిలో పెట్టి చూశాడు. జారి పడిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

"అయితే నేను తిప్పాను."

"తిప్పావు."

"నిద్రపోలేదు."

"లేదు లియో."

"తిప్పాను" అన్నాడు మళ్లీ. వాడి మొహంలో మొదట వచ్చింది కోపం కాదు. ఎంత సంతోషమో చెప్పలేను. దాన్ని చూడ్డం కంటే రెండు దెబ్బలు తినడం నయం. రెండు చేతులూ ముందుకు చాపి, స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టి, ఎడమకి తిప్పాడు. చేతులనే చూసుకుంటూ ఉన్నాడు.

కోపం తర్వాత వచ్చింది. పేజీలోని సంతకం మీద వేలు పెట్టాడు.

"చూడకుండా అంటించావు, సరే. నేనే అడిగాను అంటించమని. ఎక్కిస్తానంటే నేనే ముఖం మాడ్చుకునేవాణ్ణి. అది ఇద్దరి తప్పు. కానీ ఆ తర్వాత? హాల్లో వాళ్లు గోడ గోడ అని నవ్వుతుంటే నువ్వూ నవ్వావు కదరా. నాకు అదే అర్థం కావడం లేదు. ఎలా నవ్వావు?"

సిగ్గుతో చచ్చిపోతున్నాను అని రాసుకోవచ్చు, కానీ ఆరేళ్లూ చావకుండా మూడు పూటలా తిన్నాను.

"కారు తుక్కుకిచ్చేస్తావా?" అని అడిగాను.

"ఎందుకిస్తా? పూర్తి చెయ్యి. నేను పక్కన నిలబడతా. ప్రతి మరా నేను చూస్తా."

తలుపు దాకా వెళ్లి ఆగాడు. "గడియ మాత్రం పెట్టకు."

ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం

అలవాటు కొద్దీ వాళ్లింటి ముందు కారు ఆపాను. ఇద్దరూ బయటికొచ్చారు. ఆల్డోనా నా కారు పక్కనుంచి నడిచి వెళ్లింది. లియో చెయ్యి ఒకపక్క, కర్ర ఒకపక్క. కొండ మీద నాలుగుచోట్ల ఆగారు. దాటిపోవడానికి మనసొప్పక వెనకాలే మెల్లిగా నడిపాను. చర్చికి ముగ్గురం ఆలస్యంగా చేరాం. వాళ్లు ముందు వరసకి వెళ్లారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఏప్రిల్ 18, శనివారం

లియో వస్తున్నాడు, సాయంత్రాలు పనయ్యాక, శనివారాలు పొద్దున్నే. స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పని మాటలు తప్ప మాట్లాడడు. ప్రతి నట్టూ నేను బిగించాక వాడు మళ్లీ బిగించి చూస్తాడు. నట్టు జారకుండా గుచ్చే పిన్నులు తనే గుచ్చి, చివరలు తనే వంచుతున్నాడు. గ్రీజు కూడా తనే కొడుతున్నాడు. నా మీద నమ్మకం లేదా అని అడిగే హక్కు నాకు లేదు.

నిజం చెప్పాలంటే, పక్కన మనిషి ఉంటే నా చెయ్యి బాగా ఆడుతుంది.

ఏప్రిల్ 26, ఆదివారం

వాళ్లు నడిచారు. నేనూ కారు వదిలేసి నడిచాను, పది అడుగులు వెనకాల. ఎవరూ వద్దనలేదు. రమ్మనలేదు.

ఏప్రిల్ 30, గురువారం

అయిపోయింది. చక్రాలు సరిచేశాం. లియో చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాడు.

"శనివారం స్టష్ దగ్గర తనిఖీ. నువ్వూ రావాలి" అన్నాడు.

నేను తనిఖీ లైసెన్సు వదిలేసి రెండేళ్లయింది. మోకాళ్ల వల్ల అని అందరికీ చెప్పాను.

మే 2, శనివారం

స్టష్ గ్యారేజీలో శనివారం పొద్దున హాల్లో కూర్చునేవాళ్లే కనిపిస్తారు. కాఫీ అక్కడ ఊరికే ఇస్తాడు కాబట్టి. మేం వెళ్లేసరికి ఏడెనిమిది మంది ఉన్నారు, అందరూ తెలిసినవాళ్లే. కారు చూసి ఈలలు వేశారు. లియో నడిపే బండి ఆల్డోనా ఆరేళ్లకి ఇవాళే ఎక్కింది, నా మాట మీద కాదు, వాడి మాట మీద. ఆమె కారు దిగలేదు. స్టష్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదిగో గోడల రాజు. భద్రం, మా గోడలు కొత్తగా కట్టించాం."

అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. స్టష్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, గల్లా దగ్గరికి వెళ్లి, కొత్త స్టిక్కరూ బ్లేడూ తెచ్చాడు.

"ఎక్కించవా?" అన్నాను.

"కాజ్ చేసిన పనిని నేను లిఫ్ట్ ఎక్కించి చూడ్డమా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది."

"ఎక్కించు స్టష్."

"ఏమైంది నీకు? నీ మీద నాకు నమ్మకం లేదనుకున్నావా?"

"నా మీద నమ్మకం పెట్టుకోవద్దు. తొంభై రెండులో ఈ కారుకి నేను ఇలాగే అంటించాను, పైకెత్తకుండా. ఎడమవైపు టై రాడ్ అరిగిపోయి ఉంది. ఆ మలుపులో అది ఊడింది. లియో తాగి గుద్దలేదు. నిద్రపోలేదు. తిప్పాడు, అది తిరగలేదు. అది నాకు ఆ రోజే తెలుసు. మీతో పాటు కూర్చుని ఆరేళ్లు నవ్వాను."

జేబులోంచి గుండు తీసి కాఫీ బల్ల మీద పెట్టాను. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి ఒకాయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, గుండుని తిప్పి చూసి, పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. ఒక్కొక్కరూ చూసి నన్ను చూశారు, తర్వాత నేల చూశారు. వాళ్లలో ముగ్గురి కార్లకి నలభై ఏళ్లు నేనే అంటించాను.

స్టష్ స్టిక్కరు జేబులో పెట్టుకున్నాడు. ఆల్డోనా వైపు వెళ్లి, "దిగమ్మా, పైకెత్తాలి" అన్నాడు మెల్లగా. ఆమె దిగింది. కారు లిఫ్ట్ మీద పైకి లేచింది. స్టష్ కిందికెళ్లి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. రెండోది ఊపాడు. దీపం పెట్టి ప్రతి పిన్నూ చూశాడు.

రెండు నిమిషాలు పట్టింది.

"బాగుంది" అన్నాడు. స్టిక్కరు అంటిస్తూ లియోని చూడలేక అద్దంతో మాట్లాడాడు. "లియో... ఆ గోడ సంగతి..."

"గోడ ఉన్నచోటే ఉందిలే స్టష్" అన్నాడు లియో.

ఆల్డోనా ముందు సీట్లో కూర్చుంది. నేను ఇంటికి నడిచిపోదామని రోడ్డు మీదికి వచ్చాను. లియో హారన్ కొట్టి వెనక సీటు చూపించాడు. ఎక్కాను. కొంతదూరం పోయాక ఆల్డోనా తల తిప్పకుండానే అంది, "వెనక తలుపు సరిగ్గా వేశావా?" ఆ ఏప్రిల్ బుధవారం తర్వాత నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. తీసి మళ్లీ వేశాను.

గని దగ్గరి మలుపు వచ్చింది. వేరే దారి ఉంది, లియో దీన్నే పట్టాడు. ఆల్డోనా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. రాతిగోడ కనిపించింది, ఒకచోట రాళ్లు ఇప్పటికీ తెల్లగా ఉన్నాయి.

లియో తిప్పాడు. కారు తిరిగింది.